తేజూ మెసేజీలకు తెలుగు ప్రతి

జనవరి 19, ఆదివారం

తేజూ వాళ్ళమ్మ రాజ్యం పిన్ని వచ్చి వెళ్ళింది. పర్చూరు నుంచి అద్దంకికి, ఎండలో. తేజూ పోయాక ఆమె మా ఇంటికి రావడం ఇదే మొదటిసారి. లోపలికి రమ్మంటే రాలేదు, గుమ్మం దగ్గరే చాప మీద కూర్చుంది. చీరంతా పొగాకు వాసన. ఆకు ఏరే పనికి వెళుతోందట.

"మనవరాల్ని చూడనివ్వడం లేదమ్మాయ్" అంది.

అల్లుడు కోటేష్ మళ్ళీ పెళ్ళి చేసుకున్న దగ్గర్నుంచి భవ్యని పర్చూరు పంపడం మానేశాడట. పిన్నే నల్లపాడు వెళితే గేటు దగ్గర నిలబెట్టి, "మీరు వచ్చి వెళ్ళిన ప్రతిసారీ పాప వారం రోజులు ఏడుస్తోంది. రావద్దండీ" అన్నాడట. ఆమె గుంటూరు ఫ్యామిలీ కోర్టులో కేసు వేసింది. పాప గురించి కూతురు ఏమైనా రాసిపెట్టిందా అని ప్లీడరు అడిగాడట.

"అదేం రాస్తుంది, ఎప్పుడు చూసినా ఫోనులో నీకే కదా కొట్టేది. ఆస్పత్రి మంచం మీద కూడా అంతే. దాని ఫోనులో ఉంటాయేమో అనుకుంటే, అన్నీ చెరిపేసి పాపకి ఆడుకోడానికి ఇచ్చాడట. నీ ఫోనులో ఉంటాయి కదా? పాప సంగతి ఏమన్నా రాసిందా?"

రాసింది. ఆమె అడగడం పూర్తవకముందే నాకు గుర్తొచ్చింది. ఏ నెలలో రాసిందో కూడా గుర్తొచ్చింది.

"చూస్తాను పిన్నీ" అన్నాను.

మా అత్త టీ తెచ్చి ఇచ్చింది. పిన్ని సగం తాగి గ్లాసు పక్కన పెట్టేసింది.

జనవరి 20

చూడలేదు. ఇంట్లో పని.

జనవరి 21

ఇవాళా కుదరలేదు.

జనవరి 23, గురువారం

చూశాను. ఉంది.

అందరిలాగే మేమూ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టుకునేవాళ్ళం. మా ఇంట్లో అది చదవగలిగేవాళ్ళు లేరు. మా ఆయన ఏడో తరగతి అవగానే మామయ్య వెనక పరుపుల కొట్టులో కూర్చున్నారు. తెలుగు పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువుతారు, ఇంగ్లీషు జోలికి పోరు. అత్తకి ఏదీ రాదు. అందుకే ఇన్నేళ్ళలో నా ఫోనుకి లాకు పెట్టుకోవాల్సిన అవసరమే రాలేదు.

2023 ఫిబ్రవరి. తేజూకి మూడోసారి కీమో మందు ఎక్కించిన రోజులు. అది రాసినది ఇది:

"నువ్వన్నదానికి నాకూ భయం వేసింది నగ్గూ. నాకేమన్నా అయితే భవ్య మా అమ్మ దగ్గరికి వెళుతూ వస్తూ ఉండాలి. కోటేష్ మంచోడే. కానీ తనకి ఏడవడం రాదు, ఎవరైనా ఏడిస్తే చూడలేడు. పాపకి ఏడ్చే చోటు ఒకటుండాలి. అది మా అమ్మ దగ్గరే ఉంది."

ఇక్కడ తెలుగులో రాస్తుంటే వేరే ఎవరో రాసినట్టుంది.

దాని పైన చిన్న పెట్టెలో నా మెసేజీ ఉంది. తేజూ నా మాటని వేలితో పక్కకి జరిపి దానికి జవాబిచ్చింది. అందుకని నా మాట పైన, దాని మాట కింద, రెండూ అతుక్కుని ఉన్నాయి.

స్క్రీన్ ఫోటో తీశాను. పైనున్నది కత్తిరించాను. ఇప్పుడు బాగానే ఉంది. కోర్టుకి కావాల్సింది తేజూ మాట. నాది ఎవరికి కావాలి.

జనవరి 27, సోమవారం

పిన్నితో గుంటూరు వెళ్ళాను. ప్లీడరు పేరు శివరామకృష్ణ గారు. పెద్దాయన, నెమ్మదిగా మాట్లాడతారు. నా ఫోను తీసుకుని కళ్ళద్దాలు పైకి నెట్టి చదివారు. రెండుసార్లు చదివారు.

"చాలా మంచి మాట అమ్మా ఇది. 'నువ్వన్నదానికి' అని మొదలెట్టింది. మీరేమన్నారు?"

"గుర్తు లేదండీ."

"పైన కత్తిరించినట్టుందే."

పిన్ని నా వంక చూసి, తరవాత కిటికీ వైపు తిరిగింది.

ఆయన కోప్పడలేదు. ఈ ఫోను నాదేననీ, మెసేజీలు ఉన్నవి ఉన్నట్టుగా ఇచ్చాననీ నేను సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాలట. కంప్యూటరు తెలిసిన మనిషి ఇంకొకరు కూడా పెట్టాలట. "కత్తిరించిన దానికి ఆ సంతకం ఎలా పెడతారు? ఏరి ఇస్తే, ఏరి ఇచ్చారంటారు అవతలివాళ్ళు. మొదటి మెసేజీ నుంచి చివరిదాకా ఇవ్వండి. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న తెలుగు చదవడం కష్టం కాబట్టి పక్కనే తెలుగు ప్రతి కావాలి. అది మీరే రాస్తే మేలు. మీ ఇద్దరి మాట మీకే తెలుస్తుంది. తరవాత బోనెక్కి చెప్పాలి."

కుదరదని చెప్పడానికి నోరు తెరిచాను. ఇంటికెళ్ళి ఫోన్ చేస్తానన్నాను.

బస్టాండుకి పోకుండా పిన్ని నన్ను నల్లపాడు తీసుకెళ్ళింది. బడి వదిలే వేళ. గేటుకి ఎదురుగా జిరాక్సు కొట్టు నీడలో నిలబడ్డాం. దగ్గరికి వెళ్ళకూడదని తనకి తెలుసనీ, ఊరికే చూసి వెళ్ళిపోతాననీ అంది. పిల్లలు వచ్చారు. భవ్య పొడుగైంది. నుదురు అచ్చం తేజూదే. అమ్మమ్మని చూసింది. చూసి ఆగిపోయింది. రెండడుగులు మా వైపు వేసి, వెనక్కి తిరిగి రోడ్డు అటూ ఇటూ చూసింది. వాళ్ళ నాన్న బండి వస్తోందేమోనని. ఎనిమిదేళ్ళ పిల్ల. తరవాత తల దించుకుని గేటు లోపలికే వెళ్ళిపోయింది.

పిన్ని బస్సులో చిలకలూరిపేట దాకా కళ్ళు మూసుకునే ఉంది. నిద్రపోలేదని నాకు తెలుసు.

జనవరి 28

"పనయిందా" అని ఆయన అడిగారు. అయిందన్నాను.

ఫిబ్రవరి 2, ఆదివారం

మొదలుపెట్టాను. మధ్యాహ్నం అత్త పడుకున్నాక తెల్లకాగితాలు పెట్టుకుని రాస్తున్నాను. ప్లీడరుగారి గుమాస్తా టైపు చేస్తాడట.

ఏం కూర. గోంగూర. నీది. పప్పే. మళ్ళీనా. అంతే మరి. తిన్నావా. ఇంకా లేదు. తిను ముందు.

ఏళ్ళ తరబడి ఇదే. జడ్జి గారు ఇదంతా చదువుతారా. పర్చూరు స్కూల్లో ఒక బెంచీ మీద కూర్చున్నవాళ్ళం, తను నల్లపాడు కోడలై, నేను అద్దంకి కోడలై, రోజూ కూరలు చెప్పుకున్నాం. ఇప్పుడు నేనేం వండానో అడిగేవాళ్ళు లేరు. ఇంట్లోవాళ్ళు తింటారు కాబట్టి అడగరు.

ఫిబ్రవరి 6

వరస వదిలి ముందు 2023వి రాస్తుంటే ఒక మాట దగ్గర ఆగిపోయాను. మందు ఎక్కించిన మూడో రోజు తేజూ "kallu mantalu" అని కొట్టింది. కళ్ళు మంటలా, కాళ్ళు మంటలా? అప్పుడు నేను "చల్లటి నీళ్ళతో కడుక్కో" అని కొట్టాను. రెండిటికీ సరిపోయే జవాబు. అప్పుడు ఏది అనుకుని కొట్టానో గుర్తు రావడం లేదు. అది కూడా "సరే" అంది.

ప్లీడరుగారికి ఫోన్ చేస్తే "ఏదో ఒకటి రాయండమ్మా, కేసుకి దాంతో పని లేదు" అన్నారు.

రాయలేదు. అక్కడ ఖాళీ వదిలాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఇవాళ కొట్టుకి సెలవు. నేను రాస్తుంటే ఆయన వచ్చి పక్కన కూర్చుని ఒక కాగితం తీశారు. నేను వద్దనేలోపే పైకి చదవడం మొదలుపెట్టారు. "ఫోన్ ఎత్తవేంటే, చంపేస్తా నిన్ను. మా అత్త పక్కన ఉందే మొద్దూ." చదివి నవ్వారు. "ఇవా మీరు రాసుకునేవి? నేనేదో రాజ్యాలేలుతున్నారనుకున్నా."

ఇంకో కాగితం తీసుకున్నారు. అది కూడా కూరలే. మూడోది తీయబోతుంటే అత్త పిలిచింది.

కాగితాలన్నీ గబగబా పోగేసుకున్నాను. ఆయన ఏం చూశారని? ఏమీ చూడలేదు. కానీ ఇన్నేళ్ళూ ఆ ఫోను ఆయన దిండు పక్కనే పడుండేది. ఇప్పుడు నా చేత్తో నేనే ఆయన చదవగలిగేలా రాస్తున్నాను.

ఫిబ్రవరి 13

మళ్ళీ వరసలోకి వస్తే 2020 డిసెంబరు వచ్చింది. ఆ కాగితాలు బీరువాలో చీరల కింద పెట్టాను.

ఫిబ్రవరి 14, శుక్రవారం

ఇక్కడ రాస్తే ఎవరు చూస్తారు.

రెండోసారి కడుపు పోయినప్పుడు ఐదో నెల. నొప్పులు ఆగకపోతే ఒంగోలు తీసుకెళ్ళారు. డాక్టరు రాసిచ్చిన ఇంజెక్షన్ల కోసం ఆయన మందుల షాపుకి పరుగెత్తారు, ఒకచోట లేక ఇంకోచోటికి. తిరిగి వచ్చేసరికి అయిపోయింది. ఆయా నాకు చూపించింది. ఆడపిల్ల. వేళ్ళు విడివిడిగా ఉన్నాయి. తరవాత ఏదో గుడ్డలో చుట్టి తీసుకెళ్ళిపోయింది. ఎక్కడికని నేను అడగలేదు.

ఆయన వచ్చి "ఏమైంది" అంటే "ఏం లేదు, రక్తం గడ్డే" అన్నాను. ఎందుకలా అన్నానో. ఆయన చేతిలో ఇంజెక్షన్ల సంచి ఉంది. మనిషి మొత్తం చెమటతో తడిసిపోయి ఉన్నారు. అదొక్కటే చెప్పగలను.

ఆ సాయంత్రం తేజూకి కొట్టాను. ఆడపిల్ల, వేళ్ళు కూడా ఉన్నాయి అని. అది జవాబు కొట్టకుండా ఫోన్ చేసింది. నేను మాట్లాడలేదు. అదీ మాట్లాడలేదు. ఫోను పట్టుకుని ఇద్దరం అలాగే ఉన్నాం.

తరవాత రెండేళ్ళు అత్త నన్ను తిప్పని ఆస్పత్రి లేదు, దర్గా లేదు. నేనేమో చాటుగా మాత్రలు వేసుకుంటూ వచ్చాను, బిడ్డ నిలవకుండా. ఆ సంగతీ తేజూకే చెప్పాను. 2023 ఫిబ్రవరిలో. ఆ కత్తిరించిన పెట్టెలో ఉన్నది అదే: "నాకు బిడ్డ వద్దు తేజూ. మాత్రలు వేసుకుంటున్నా, ఆయనకి తెలీదు. మళ్ళీ పోతే ఏడవడానికి ఈ ఇంట్లో నాకు చోటు లేదు."

దానికే తేజూ, పాపకి ఏడ్చే చోటు ఒకటుండాలి అంది.

నా మాట తీసేస్తే దాని మాటకి మొదలు లేదు. ఎన్నిసార్లు చదివినా అంతే.

ఫిబ్రవరి 18

ప్లీడరుగారికి ఫోన్ చేశాను.

"కొన్ని నా సొంత సంగతులండీ. అవి తీసేయొచ్చా?"

"సీలు వేసిన కవర్లో ఇచ్చి, బయట ఎవరికీ చూపించవద్దని అడుగుతాను. కానీ అవతలి లాయరుకి కాపీ ఇవ్వక తప్పదమ్మా. అడగాలనుకుంటే దాని మీద అడుగుతాడు." మళ్ళీ ఆయనే, "మీ ఇష్టం. బలవంతం చెయ్యను. మీరు మానుకుంటే పెద్దావిడకి తన మాట ఒక్కటే మిగులుతుంది, అంతే" అన్నారు.

పిన్ని నన్ను ఒక్కసారి కూడా ఫోన్ చేసి అడగలేదు. అడిగితే బాగుండేది. అడిగితే కోపం తెచ్చుకుని ఉండేదాన్ని.

ఫిబ్రవరి 19

చివరిదాకా రాసేశాను. చివర అంటే తేజూ పోయిన తరవాత నేను కొట్టినవి కూడా. కొన్నే. పొరపాటున పోయినవి. చేతికి అలవాటు. ఒక్క టిక్కు పడి ఉండిపోయాయి. ఏం కూర అని ఒకటి. ఇవాళ వానొచ్చింది అని ఒకటి.

అవి కొన్ని కాదు. రాస్తే మూడు కాగితాలయ్యాయి.

ఫిబ్రవరి 23, ఆదివారం

రేపే కోర్టు. కాపీలు అందరికీ ఇచ్చేశారట. నల్లపాడులో కోటేష్ చదివి ఉంటాడు, వాళ్ళ లాయరు చదివి ఉంటాడు, గుమాస్తా అక్షరం అక్షరం టైపు కొట్టాడు. చదవనిది ఒక్క మనిషే.

సెలవైనా మధ్యాహ్నం ఆయన కొట్టులో ఒక్కరే ఉన్నారు. దూది ఏకే మిషను ఆపి పరుపు అంచు కుడుతున్నారు. కాగితాలన్నీ తీసుకెళ్ళి పక్కన పెట్టాను. చీరల కిందవి కూడా.

"ఇవి చదవండి. రేపు కోర్టులో వీటి మీద నన్ను అడుగుతారు. ఇంకొకళ్ళు చెబితే మీరు వినడం నాకిష్టం లేదు."

"కూరలేనా" అన్నారు నవ్వుతూ.

"కాదు" అన్నాను.

సూది పరుపుకి గుచ్చి, చేతికున్న దూది దులుపుకుని కాగితాలు అందుకున్నారు. నేను ఆగలేదు, వచ్చేశాను.

అన్నానికి రాలేదు. అత్త క్యారేజీ పంపిస్తే అలాగే తిరిగొచ్చింది. చీకటి పడ్డాక వచ్చి ముఖం కడుక్కుని పడుకున్నారు. కాగితాలు సంచిలో పెట్టి తెచ్చి నా దిండు దగ్గర ఉంచారు. వరస తప్పలేదు.

ఫిబ్రవరి 24, సోమవారం

పొద్దున నేను లేచేసరికే ఆయన బయటికి వెళ్ళిపోయారు. మార్టూరులో దూది చూడాలన్నాడని అత్త చెప్పింది. ఒక్కదాన్నే బస్సెక్కాను.

కోర్టు హాలు చిన్నది. జడ్జి గారు ఆడమనిషి. కోటేష్ వాళ్ళ లాయరు కుర్రవాడు, మర్యాదగానే అడిగాడు. అదే ఇంకా కష్టంగా ఉంది.

"తేజశ్రీ గారు చనిపోయాక కూడా మీరు మెసేజీలు పంపారు. అవునా?"

"అవునండీ."

"ఎందుకు?"

పొరపాటున అని చెబుదామనుకున్నాను. "ఇంకెవరూ లేక" అన్నాను.

లాయరు కాగితం తిప్పాడు. నా మెసేజీ చదివాడు. మాత్రలది. పైకి, తెలుగులో. నా మాట మగగొంతులో వినడం అదే మొదటిసారి.

"కట్టుకున్న భర్తకే ఏళ్ళ తరబడి అబద్ధం చెప్పిన మనిషి మాట కోర్టు ఎలా నమ్మాలి?"

శివరామకృష్ణ గారు లేవబోయారు. జడ్జి గారు నన్నే చూస్తున్నారు.

"మా ఆయనకి అబద్ధం చెప్పాను. నిజమే. తేజూకి ఎప్పుడూ చెప్పలేదండీ. అదీ నాకు చెప్పలేదు" అన్నాను. "మేము అబద్ధాలు చెప్పుకునేట్టయితే ఇదంతా మీ చేతికి ఇచ్చేదాన్ని కాదు."

జడ్జి గారు ఫోను అడిగి తీసుకున్నారు. ఆ స్క్రీను చూశారు, పైన పెట్టె, కింద జవాబు. చాలాసేపు చూసి రాసుకున్నారు.

వరండాలో కోటేష్ ఎదురొచ్చాడు. తిడతాడనుకున్నాను. చిక్కిపోయాడు.

"అది తనే రాసిందా నగ్మా? నాకు ఏడవడం రాదని?"

"తనే రాసింది అన్నయ్యా."

"రోజూ పక్కనే కూర్చున్నాను కదా. మంచం పక్కనే. నాతో ఒక్కసారి అని ఉండొచ్చు కదా."

వాళ్ళ లాయరు పిలిస్తే వెళ్ళిపోయాడు. నాటకం అనుకున్నాను. బస్సులో కూర్చున్నాక అలా అనిపించలేదు.

మార్చి 2, ఆదివారం

రంజాన్ మొదటి రోజా. ఉపవాసానికి ముందు తెల్లవారుజామున వండి పెట్టాను. తిన్నారు. మాట్లాడలేదు. సాయంత్రం రోజా మసీదులోనే వదిలారు.

మార్చి 9

అదే.

మార్చి 16

అత్త అడిగింది, "ఏమైందే మీ ఇద్దరికీ? వాడేమో కొట్టు వదలడు, నువ్వేమో నోరు తెరవవు." ఏం లేదన్నాను.

ఆయన అత్తకి చెప్పలేదు. ఇవాళ్టిదాకా ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పి ఉంటే ఆమె అరిచేది, ఇల్లు అదిరేది, ఏదో ఒకటి తేలిపోయేది. ఎందుకు చెప్పలేదో నాకు తెలియడం లేదు. దయ అనుకోవాలని ఉంది. దయ అయితే నా వైపు చూసేవారు.

మార్చి 31, సోమవారం

పండగ. సేమియా చేశాను. కొత్త చీర తెచ్చారు. అత్త చేతికిచ్చి "దానికివ్వు" అన్నారు. నేను అదే గదిలో ఉన్నాను.

ఏప్రిల్ 8

మాత్రలు ఆపేసి చాలా రోజులైంది. వాటి అవసరం కూడా లేదు ఇప్పుడు.

ఏప్రిల్ 22, మంగళవారం

పిన్ని ఫోన్ చేసింది. తీర్పు వచ్చింది. భవ్య చదువు నల్లపాడులో తండ్రి దగ్గరే. శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం సాయంత్రం దాకా ప్రతి వారం అమ్మమ్మ దగ్గర. వేసవి సెలవుల్లో సగం కూడా. కోటేష్ ఆపడానికి లేదు. జడ్జి గారు పాపని లోపలికి పిలిచి ఒక్కదానితోనే మాట్లాడారట.

"పూర్తిగా ఇవ్వలేదు పిన్నీ" అన్నాను.

"చాలమ్మాయ్. దాని తండ్రి దానికి ఉండొద్దా" అంది. తరవాత గొంతు తగ్గించి, "నీ ఇల్లు ఎట్టుంది?" అని అడిగింది.

బాగానే ఉందన్నాను.

"నీ కాగితాలు ప్లీడరు నాకు చదివి వినిపించాడమ్మా. అవన్నీ రాసిచ్చినదానివి, నాతోనన్నా ఒక్క మాట అనకపోయావా" అని ఫోన్ పెట్టేసింది. అందరూ అదే మాట.

ఏప్రిల్ 27, ఆదివారం

పాప మొదటిసారి పర్చూరు వచ్చింది, చూసి వస్తానని నిన్న అత్తతో చెప్పాను. ఆయన వింటున్నారని తెలుసు. పొద్దున బయల్దేరబోతుంటే వాకిట్లో బండి స్టార్టు చేసి నిలబడ్డారు. వెనక ఒక చిన్న పరుపు చుట్టి తాడుతో కట్టి ఉంది. కొత్త గుడ్డ, మీద నీలం పూలు. రాత్రికి రాత్రి కుట్టింది కాదు.

"ఆ పిల్లకి. చాప మీద పడుకుంటదేమో అక్కడ" అన్నారు. రెండు నెలల తరవాత నాతో మాట్లాడిన మొదటి మాట.

పరుపుకీ ఆయనకీ మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. పర్చూరు ఇంకా రెండు ఊళ్ళుందనగా తాడు వదులైందని బండి ఆపారు. రోడ్డు పక్కనే కళ్ళం. ఎర్రగా ఎండిన మిరపకాయలు పరిచి ఉన్నాయి. ఒకావిడ ముక్కుకి కొంగు కట్టుకుని తెల్లబడ్డ తాలు కాయలు ఏరుతోంది. ఘాటుకి ఇద్దరికీ దగ్గొచ్చింది.

ఆయన తాడు బిగించారు. బిగించాక కూడా దాన్నే పట్టుకుని నిలబడ్డారు.

"రక్తం గడ్డ అన్నావు నాతో."

"ఊఁ."

"మాత్రల సంగతి కాదు నేననేది. అవి చదివినప్పుడు కోపం వచ్చింది, పోయింది. భయపడ్డావు, వేసుకున్నావు. కానీ అది... వేళ్ళు కూడా ఉన్నాయని రాశావు. నేను ఆ షాపులో లేదంటే ఈ షాపు, ఈ షాపులో లేదంటే ఇంకోటి, తిరుగుతూనే ఉన్నా. నేనొచ్చేసరికి ఉందా అక్కడ?"

"లేదు. తీసుకెళ్ళిపోయారు."

"నాకు చెప్పుంటే అడిగేవాణ్ణి. తెచ్చుకునేవాణ్ణి. మా నాన్న గోరీ పక్కన ఇంత మట్టి తీసి పెట్టేవాణ్ణి కదా."

ఆయన గొంతు మామూలుగానే ఉంది. మిరప ఘాటుకి కళ్ళు తుడుచుకుంటున్నట్టు తుడుచుకున్నారు. నేనూ అదే చేశాను. ఘాటు కాదని ఇద్దరికీ తెలుసు.

"ఎట్టుంది" అన్నారు.

చెప్పాను. చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. చాలా చిన్నది. నుదురు మాత్రం ఆయనదే. అది తేజూకి రాయలేదు. రాస్తే నిజమైపోతుందని రాయలేదు. ఇన్నేళ్ళలో ఎవరితోనూ అనలేదు. నేను చెబుతున్నంతసేపూ ఆయన నా ముఖమే చూస్తున్నారు.

ఒక లారీ దుమ్ము లేపుకుంటూ పోయింది.

"పేరేమన్నా అనుకున్నావా?"

అనుకున్నాను. మూడో నెల నుంచీ అనుకున్నాను. ఏ కాగితంలోనూ లేదు అది. ఇక్కడ కూడా రాయను.

ఆయనకి చెప్పాను.

పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. తరవాత పైకి అన్నారు, కాస్త గట్టిగానే. కళ్ళంలో ఉన్న ఆవిడ చేతిలో కాయలతో లేచి నిలబడి, ఎవరి పిల్లనో పిలుస్తున్నారనుకుని రోడ్డు వైపు చూసింది.